పేరు చెప్పని పొడి

మా ఇంటికొచ్చి టీ వద్దన్నవాళ్ళని మా ఆవిడ చాముండేశ్వరి మనుషుల్లో జమకట్టదు. భోజనం వద్దన్నా క్షమిస్తుంది గానీ, ఆవిడ అల్లం టీ వద్దంటే ఆ మనిషి పేరు మళ్ళీ మా ఇంట్లో వినపడదు. తను మాత్రం కాఫీ తాగుతుంది. టీ ఇతరుల కోసం. ఇన్నేళ్ళ హాలిఫాక్స్ కాపురంలో నువ్వు సంపాదించిన అధికారం ఆ టీ గిన్నె ఒక్కటే అని వేళాకోళం చేసేవాణ్ణి. ఇప్పుడు చెయ్యను. ఆ టీ ఒక మనిషిని ఏం చేసిందో చూశాక నోరు రావడం లేదు.

ఆ మనిషి పేరు ఒడేన్ ఫ్రేటర్. జమైకావాడు. ఇక్కడి ఫుట్‌బాల్ క్లబ్బులో డిఫెండర్. హార్బర్‌కి ఇవతల డార్ట్‌మత్ వైపున్న మా ఇంట్లో, కింది భాగం అద్దెకు తీసుకున్నాడు. ప్రాక్టీసుకి రోజూ ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డుకు వెళ్ళేవాడు. మనిషి తలుపుకి సరిపోయేంత ఎత్తు, మాట మాత్రం పిల్లి అడుగంత మెత్తన. మా ఇద్దరితో మాట్లాడేది ఇంగ్లీషే అయినా, వచ్చిన నెలకే చాముండేశ్వరి వాడితో సగం తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టింది. వాడికీ సగం అర్థమయ్యేది.

నా పేరు హేమచంద్ర. ఇక్కడి ఆసుపత్రిలో ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. నాకు ఫుట్‌బాల్ తెలియదు, క్రికెట్ తెలుసు. ఒడేనే నాకు ఆట నేర్పాడు. ఒకసారి టీవీ ముందు కూర్చుని అన్నాడు: "డాక్, గోల్ కొట్టినవాణ్ణి అందరూ ఎత్తుకుంటారు. నేను తొంభై నిమిషాలు సరిగ్గా చేస్తే నేనున్నానని కూడా ఎవరికీ తెలియదు. ఒక్క అడుగు తప్పితే ఊరంతటికీ నేనొక్కణ్ణే కనపడతాను."

"మా ఉద్యోగం కూడా అదేనోయ్. పేషెంటు లేచి సర్జన్‌కి దణ్ణం పెడతాడు. లేవకపోతేనే నన్ను వెతుకుతారు" అన్నాను. వాడు పగలబడి నవ్వాడు. ఆ రోజు నుంచి వాడు నాకు అద్దెకున్నవాడు కాదు.

వాడి బతుకంతా సూట్‌కేసులోనే గడిచింది. మే పెన్ అనే ఊళ్ళో అమ్మమ్మ దగ్గర పెరిగాడు. కింగ్‌స్టన్‌లో ఆడాడు, ఫిన్లాండ్‌లో వణికాడు, అమెరికాలో చిన్న క్లబ్బులు తిరిగాడు, ముప్పై దాటాక ఇక్కడికొచ్చాడు. వర్క్ పర్మిట్ క్లబ్బుతో ముడిపడి ఉంది, కాంట్రాక్టు ఈ సీజన్‌తో సరి. వాడికి మిగిలిన కోరిక ఒక్కటే. జమైకా జట్టు వాణ్ణి ఎప్పుడో ఒకసారి పిలిచి, చొక్కా ఇచ్చి, బెంచీ మీద కూర్చోబెట్టింది. మైదానంలోకి పంపలేదు. ఒక్కసారి, ఒక్క ఆటలో, దేశం తరఫున దిగాలి. వాళ్ళ గ్రానీ టీవీలో చూడాలి. ఇప్పుడు జట్టులో సెంటర్ బ్యాక్‌లు, అంటే వీడి స్థానంలో ఆడేవాళ్ళు, ఇద్దరు దెబ్బలు తగిలి కూర్చున్నారనీ, సీజన్ చివర్లో సెలెక్టర్ల మనిషి హాలిఫాక్స్ వస్తాడనీ కబురొచ్చింది.

అలాంటి వేళ, జూలై చివర్లో, వాడి కుడి మోకాలు వాచింది.

ఎవడితోనో గుద్దుకుని పడ్డాడట. మెట్లు ఎక్కుతుంటే మొహం చిట్లించేవాడు. క్లబ్ డాక్టర్ స్కాన్ తీద్దామంది, తేదీ ఇచ్చారు. ఈలోపు ఐస్ పెట్టుకుని కూర్చోమన్నారు. వాణ్ణి అలా చూసి చాముండేశ్వరి ఊరుకుంటుందా? ఆవిడ మందుల పెట్టె తెచ్చింది. ఇండియా వెళ్ళొచ్చినప్పుడల్లా తెచ్చిన మాత్రలన్నీ అందులోనే ఉంటాయి. సగం అట్టలకు పేర్లు చిరిగిపోయాయి.

"ఒక్కటి వేసుకో నాయనా, రేపటికల్లా పరిగెడతావు."

ఒడేన్ రెండు చేతులూ జోడించాడు. "వద్దు ఆంటీ. నేను దగ్గు బిళ్ళ కూడా క్లబ్‌లో చూపించకుండా నోట్లో వేసుకోను."

ఎందుకో నాకు తర్వాత చెప్పాడు. కింగ్‌స్టన్‌లో వాడితో పక్కపక్కన ఆడిన స్నేహితుడొకడు, మేనమామ ఇచ్చిన బలం టానిక్ తాగాడట. ఆట అయ్యాక మూత్ర పరీక్షకి పిలిచారు. నిషేధం పడింది. ఆ నిషేధం అయ్యేలోపు క్లబ్బూ పోయింది, కాళ్ళలో సత్తువా పోయింది. ఇప్పుడు టాక్సీ నడుపుతున్నాడు. "వాడు దొంగ కాదు డాక్. కానీ మా పేటలో చిన్నపిల్లలు కూడా వాణ్ణి దొంగనే అంటారు."

ఇదంతా నేను చాముండేశ్వరికి చెప్పాను. "మాత్రలు వద్దన్నాడు, సరే" అంది. ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకోవడం నాకు అనుమానం రావలసిన సంగతే. రాలేదు.

అప్పటిదాకా ఎప్పుడో ఒకసారి పైకొచ్చే ఒడేన్‌ని ఆవిడ రోజూ పొద్దున్నే టీకి పిలవడం మొదలుపెట్టింది. టీకి మాత్రం వాడు అడ్డు చెప్పలేదు. వాళ్ళ ఊళ్ళో వేడిగా తాగేది ఏదైనా టీయేనట. గ్రానీ పెరట్లోంచి ఏవో చేదు ఆకులు తెంపి మరగబెట్టి పొద్దున్నే తాగించేదట. వంటింట్లో కాచిన టీ సీసాలో వచ్చే మందు ఎలా అవుతుంది? మా బల్ల దగ్గర నా పక్కన కూర్చుని, పెద్ద కప్పు రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని తాగేవాడు. "మా గ్రానీ వంటింటి వాసన" అనేవాడు. చాముండేశ్వరి మొహం వెలిగిపోయేది.

వారం తిరక్కుండా వాపు తీసింది. స్కాన్ తేదీ వచ్చేసరికి నొప్పి మాయం. నొప్పి లేని మోకాలికి స్కాన్ ఎందుకని వాడే వద్దన్నాడు. ఆగస్టులో తిరిగి మైదానంలోకి దిగాడు. అలా ఆడటం నేనెప్పుడూ చూడలేదు. గాల్లోకి ఎగిరితే వాడి నడుము పక్కవాడి భుజం దాకా లేచేది. పేపర్లో వాడి గురించి రెండు ముక్కలు రాశారు, డిఫెండర్ గురించి రాయడమే గొప్ప.

నాకు సంతోషం వేసింది. కానీ అంత వాచిన మోకాలు అంత త్వరగా మెత్తబడటం నా చదువుకి నచ్చలేదు.

సెప్టెంబరులో వాడి మొహం గుండ్రమవడం మొదలైంది. దవడ ఎముక కనపడే మనిషికి బుగ్గలొచ్చాయి. ఆకలి పెరిగింది. నిద్ర పట్టడం లేదన్నాడు, అయినా హుషారుగా ఉండేవాడు. ఈ లక్షణాలు నాకు కొత్త కాదు. స్టిరాయిడ్ వాడే పేషెంట్లను జీవితమంతా చూశాను. దగ్గు బిళ్ళకి చేతులు జోడించినవాడు చాటుగా ఇంకేదో మింగుతున్నాడని తేల్చేసుకున్నాను. ఎంత నటన అనుకున్నాను. అడిగితే అబద్ధం చెబుతాడు, ఆ అబద్ధం వినడం నాకిష్టం లేదు. అందుకని మాట తగ్గించాను. టీ తాగేటప్పుడు పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి.

"డాక్, నా మీద కోపమా?" అని అడిగాడొక రోజు.

"లేదే" అన్నాను, పేపరు దించకుండా.

నా సంగతి నాకు పట్టనే లేదు. పదేళ్ళుగా సతాయిస్తున్న నా మోకాళ్ళు ఆ రెండు నెలల్లో సతాయించడం మానేశాయి. రెయిలింగ్ పట్టుకోకుండా మెట్లు దిగుతున్నాను. పొద్దున్నే చూసుకునే షుగర్ మాత్రం కొండెక్కి కూర్చుంది. మోకాళ్ళ గొప్ప నా వాకింగ్‌కి ఇచ్చాను, షుగర్ తప్పు మా స్నేహితుడు అమరేశ్వరరావు గారింట్లో తిన్న పూతరేకులకి అంటగట్టాను. తన దాకా వస్తే డాక్టరంత మూర్ఖుడు ఇంకొకడుండడు.

అక్టోబరులో ఆఖరి హోమ్ మ్యాచ్. శనివారం మధ్యాహ్నం ఆట. జమైకా సెలెక్టర్ల మనిషి ముందు రోజే వచ్చి హోటల్లో దిగాడు. ఆట అయ్యాక పరీక్షకి మనుషులొస్తారనీ, ఎవరిని పిలుస్తారో ముందు చెప్పరనీ ఒడేన్ మామూలుగా అన్నాడు. నేను వాడి కళ్ళలోకి చూశాను. భయం లేదు. ఎంత గుండె ధైర్యం వీడికి అనుకున్నాను.

ఆ రోజు పదకొండైనా హార్బరంతా పొగమంచే. ఓడల హారన్ మూలుగుతూనే ఉంది. ఒడేన్ టీ తాగి, బూట్లు సర్దుకోవడానికి కిందికి వెళ్ళాడు. నేను గడ్డం గీసుకుని వంటింట్లోకి వచ్చాను. చాముండేశ్వరి నన్ను ఎగాదిగా చూసి మురిసిపోయింది.

"ఎంత కళొచ్చిందండీ మీకు! ఆ అబ్బాయికీ బుగ్గలొచ్చాయి, మీకూ బుగ్గలొచ్చాయి. అంతా నా చేతి చలవ."

నా చేతిలో కప్పు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాను. నాకూ వాడికీ ఒకేసారి బుగ్గలు ఎందుకొచ్చాయి? ఇద్దరికీ మోకాళ్ళ నొప్పి ఎందుకు పోయింది? మేమిద్దరం కలిసి చేసే పని ఈ ఇంట్లో ఒక్కటే.

"టీలో ఏం వేస్తున్నావు?"

"అల్లం."

"ఇంకా?"

"మిరియాలు."

"చాముండీ."

పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ గొంతుతో పిలిచింది లేదు. ఆవిడ అలమర పైఅరలోంచి చింతపండు డబ్బా దించింది. చింతపండు కింద పొట్లాలున్నాయి, మట్టిరంగు పొడి. తణుకు దగ్గర ఎవరో వైద్యుడి దగ్గర వాళ్ళ అక్క కమలకుమారి తీసుకుని, వచ్చేవాళ్ళ చేత పచ్చళ్ళతో పాటు పంపిందట.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే పనిచెయ్యదు కదండీ!" ఆవిడ నన్ను వింతగా చూసింది. "మీకు తెలీదా ఏంటి? కామెర్ల పసరు పోసేవాడు ఆకు పేరు చెప్తాడా? చెప్తే గుణం పోదూ? తాగేవాడికి తెలియకూడదని అక్క మరీ మరీ చెప్పింది. పాపం కుంటుతున్నాడు, మాత్ర వేసుకోనన్నాడు. మరి నేనేం చెయ్యను? ఎలాగూ గిన్నెలో వేస్తున్నాను కదా అని మీకూ పోశాను."

ఒకప్పుడు ఆపరేషన్ బల్ల మీద ఒక పెద్దాయన బీపీ పడిపోయి, ఎన్ని ఇచ్చినా లేవలేదు. ఆయన ఏళ్ళ తరబడి కీళ్ళ నొప్పుల పొడి తింటున్నాడనీ, అందులో స్టిరాయిడ్ దంచి కలిపారనీ తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచి నా చేతికొచ్చిన ప్రతి పేషెంటునీ అడిగాను, ఇంట్లో పేరు తెలియని మందేదైనా వాడుతున్నారా అని. ఊరందరినీ అడిగాను. నా వంటింటిని అడగలేదు.

విషయం చెప్పేసరికి చాముండేశ్వరి గోడకి ఆనుకుంది. "పరీక్షలో తెలుస్తుందా?"

"తెలుస్తుంది."

"అయితే ఆట అయ్యాక చెప్పండి. ఆ పెద్దమనిషి ఇంత దూరం వచ్చాడు. ఒక్కపూటేగా! వీడినే పిలుస్తారని ఏముంది?"

నిజం చెప్పాలంటే, ఆ ఆలోచన నాకూ వచ్చింది. ఒక్క క్షణం వచ్చింది. ఆ తర్వాత ఆ టాక్సీ నడిపే మనిషి గుర్తొచ్చాడు.

కిందికి దిగాను. రెయిలింగ్ పట్టుకోకుండానే దిగానని సగం మెట్ల మీద గమనించి, పట్టుకున్నాను.

ఒడేన్ మంచం మీద కూర్చుని బూట్ల లేసులు విప్పి మళ్ళీ ఎక్కిస్తున్నాడు. చెప్పాను. ఏదీ దాచలేదు, వాణ్ణి అనుమానించానని కూడా చెప్పాను. వాడు ఎక్కించిన లేసు మళ్ళీ బయటికి లాగాడు.

"టీలోనా?" అన్నాడు.

"టీలో."

"నేను అడగలేదు డాక్. అన్నీ అడిగాను. టీ గురించి అడగలేదు."

తిడతాడేమోనని చూశాను. తిట్టినా బాగుండేది. నేనే ఉపాయం చెప్పాను: "ఈ పూట ఆడకు. మోకాలు నొప్పిగా ఉందని కోచ్‌కి ఫోన్ చెయ్యి. ఆడకపోతే నిన్ను పరీక్షకి పిలవరు. పేరు దక్కుతుంది. సెలెక్టర్ ఇంకోసారి వస్తాడు."

"నొప్పి లేదు డాక్." లేచి నిలబడ్డాడు. కుడి కాలి మీద ఒంటికాలితో గెంతాడు, ఒకసారి, రెండోసారి, గది అదిరేలా. "చూడండి, అసలు లేదు. పదేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ లేదు. లేని నొప్పి ఉందని ఎలా చెప్పను?"

"చెప్పు నాయనా" అన్నాను. చాముండేశ్వరి మాట నా నోట్లోంచి వచ్చింది.

వాడు ఫోన్ చేశాడు. అవతల కోచ్ ఏదో అరుస్తున్నాడు. అప్పుడే అవతలి ఒడ్డున కొండ మీది కోటలో రోజూ పన్నెండింటికి పేల్చే ఫిరంగి పేలింది. ఇక్కడివాళ్ళందరికీ అది రోజూ వినే చప్పుడే. ఆ పూట మేమిద్దరం ఉలిక్కిపడ్డాం.

సెలెక్టర్ల మనిషి ఆట చూశాడు. ఒడేన్ స్థానంలో ఆడిన కుర్రాడి పేరు రాసుకుని వెళ్ళాడు.

మోకాలి నొప్పితో కీలకమైన ఆట మానేసినవాణ్ణి క్లబ్బు ఊరికే వదలదు కదా. సోమవారం స్కాన్ తీశారు. ఫలితం చెప్పే రోజు నన్ను కూడా రమ్మన్నాడు. క్లబ్ డాక్టర్ చిన్నమ్మాయి, నెమ్మదస్తురాలు. తెర మీద బొమ్మ చూపించింది. నాకు వివరించక్కర్లేదు, చూడగానే తెలిసింది. మోకాలి లోపలి మెత్త చిరిగి నలిగిపోయింది. ఎముక ఎముకని రాసుకుని గుంటలు పడింది. జూలైలో చిన్న చిరుగై ఉంటుంది. అప్పుడు కుట్టేస్తే సరిపోయేది. దాని మీద రెండు నెలలు ఎగిరాడు, దూకాడు, పరిగెత్తాడు.

"దీంతో ఎలా నడిచావు? నొప్పి పెట్టలేదా?" ఆ అమ్మాయి నిజంగానే ఆశ్చర్యపోయింది.

ఒడేన్ నా వైపు చూశాడు. లేని నొప్పి ఉన్నట్టు చెప్పమన్నది నేనే. ఉండాల్సిన నొప్పిని టీలో మాయం చేసింది నా ఇల్లే. నా ఉద్యోగమంతా నొప్పిని నిద్రపుచ్చడమే గానీ, నిద్రపుచ్చిన మనిషి పక్క నుంచి నేనెప్పుడూ కదల్లేదు. ఇక్కడ మాత్రం పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. సిగ్గుతో చెవులు మండుతుండగా మొత్తం ఆ అమ్మాయికి చెప్పాను, పొట్లాలు బల్ల మీద పెట్టాను.

ఆ అమ్మాయి ఒక పొట్లం విప్పి చూసింది. పొడి ఒక్కసారిగా మానకూడదు కదా, మెల్లగా ఎలా తగ్గించాలో ఇద్దరికీ చెప్పింది. తర్వాత ఒడేన్ చేతి మీద చెయ్యి వేసింది. "రూల్ ప్రకారం నేను ఇది పైవాళ్ళకి చెప్పాలి. కానీ నిషేధం గురించి నువ్వు భయపడక్కర్లేదు."

"పడదా?" వాడి గొంతులో ఆశ కదిలింది.

ఆ అమ్మాయి తెర మీది బొమ్మ వైపు చూసింది. "నిషేధం ఆడేవాళ్ళకి" అంది.

నవంబరులో వాడు వెళ్ళిపోయాడు. కాంట్రాక్టు అయిపోయింది, పర్మిట్ కూడా. ఆపరేషన్ చేయించుకున్నాడు, నడవడానికే. ఆ పొద్దున సూట్‌కేసు గుమ్మంలో పెట్టి, చంకకర్ర మీద ఒక్కొక్క మెట్టూ ఎక్కి వంటింట్లోకి వచ్చాడు. నొప్పి తిరిగొచ్చిందని వాడి మొహమే చెబుతోంది. బుగ్గలు పోయాయి.

చాముండేశ్వరి టీ పెట్టి ఉంచింది. కప్పు వాడి ముందు పెట్టింది గానీ, తాగు అనలేదు.

"ఇందులో ఏముంది ఆంటీ?" మెత్తగానే అడిగాడు. నిష్ఠూరం లేదు.

ఆవిడ అలమర తలుపులు బార్లా తీసింది. ఒక్కొక్క డబ్బా తెచ్చి వాడి ముందు మూత తీసి పెట్టింది. "ఇది టీ పొడి. ఇది మిరియం. ఇది యాలక్కాయ. ఇది బెల్లం, కొంచెమే వేశాను. ఇదిగో అల్లం, ఇప్పుడే దంచాను. పాలు, నీళ్ళు." పేరు చెబితే గుణం పోతుందని నమ్మిన మనిషి, అన్నిటి పేర్లూ చెప్పింది. "అంతే నాయనా. ఒట్టు. ఇంకేం లేదు."

వాడు అన్నీ విన్నాడు. తలూపాడు. కప్పు రెండు చేతులతో ఎత్తి, కళ్ళు మూసుకుని, పెదాలకి ఆనించాడు.

"బాగుంది ఆంటీ."

లేచి ఆవిణ్ణి కావలించుకున్నాడు, నాకు చెయ్యిచ్చాడు. టాక్సీ వచ్చింది. సూట్‌కేసు నేనే మోశాను. టాక్సీ మలుపు తిరిగేదాకా చాముండేశ్వరి కిటికీ దగ్గర నిలబడి చెయ్యి ఊపింది.

తర్వాత కప్పు తీయబోయి, తీయకుండా నన్ను పిలిచింది. వెళ్ళి చూశాను. పైన మీగడ కట్టింది. కప్పు అంచుదాకా నిండుగానే ఉంది.